గడ్డిచేమంతి పరువు

కరీంనగర్‌లో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివేటప్పుడు ప్రాజెక్టుకు అందరూ వేప, తులసి పట్టుకుంటే నేను గడ్డిచేమంతి పట్టుకున్నాను. ఏ దెబ్బ తగిలినా మా అవ్వ, అంటే మా అమ్మ, నమ్మే ఆకు అదే. "గడ్డితో ప్రాజెక్టా?" అని ల్యాబంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. మా అవ్వ ఆకు సత్తా వీళ్లకు చూపించి తీరాలనుకున్నాను.

మంథనిలో ఉన్న అవ్వకు ఫోన్ చేసి, ఆకు నీడన ఆరబెట్టి పొడి కొట్టి పంపమన్నాను. పొట్లం బస్సులో వచ్చింది. పొడిని నానబెట్టి వడగట్టి, ఆ రసంలో ముంచిన కాగితం బిళ్లను బ్యాక్టీరియా పూసిన ప్లేటు మధ్యలో పెట్టాను. మర్నాడు చూస్తే బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పత్తా లేదు! ఘాటు వాసన కూడా వస్తుంటే "ఆకులో దమ్ముంది" అన్నారు మా గైడ్ మేడమ్. నవ్విన వాళ్లందరి ముక్కు కిందా ఆ ప్లేటు తిప్పాను. క్యాంటీన్ అతనికి చూపించబోతే, సమోసాల దగ్గరికి తేవద్దని తరిమాడు.

మళ్లీ ఒకసారి చేసి చూడమన్నారు మేడమ్. అందరూ వినాలని స్పీకర్ పెట్టి మరీ అవ్వకు ఫోన్ చేశాను.

"పంపుత తియ్యి బిడ్డా. గని ఎల్లిగడ్డ ఒడిసింది. గీసారి ఉత్త ఆకే అయితే నడుస్తదా?"

"ఎల్లిగడ్డ ఎందుకే అవ్వా?"

"ఉత్త ఆకు ఎవలన్న మందంటరా? ఇంత ఎల్లిగడ్డ, ఇంత పసుపు పడాలె. నీ సదువు ఫికర్‌తోని జర ఎక్కువనే ఏసిన."

వెల్లుల్లి గుట్టు బయటపడగానే ల్యాబ్‌లో ఒకడు బల్ల మీద పడి నవ్వాడు. మేడమ్ అటు తిరిగారు గానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

ఉత్త ఆకు పెట్టిన ప్లేటులో బ్యాక్టీరియా బిళ్ల అంచుదాకా వచ్చి హాయిగా కాపురం పెట్టింది. ఉన్నదున్నట్టు రాయమన్నారు మేడమ్. మార్కులకు ఢోకా లేదు, అవ్వకు చెప్పడమే కష్టం. ఇంటికెళ్లి చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది.

"నీ ఆకుకు ఒక్క పురుగు గూడ సావలే అవ్వా."

అవ్వ ఏమాత్రం పరేషాన్ కాలేదు.

"గవి కరీంనగర్ పురుగులు బిడ్డా. మన ఆకంటే గాటికేం భయముంటది? మంథని పురుగులకైతే ఎరుకే."

మర్నాడు బస్సెక్కేముందు ఒక స్టీలు డబ్బా చేతిలో పెట్టింది. నిండా మా పెంటకుప్ప మట్టి. ఎవరు నవ్వితే నవ్వారని, దాన్ని మేడమ్ బల్ల మీద పెట్టి, మళ్లీ పరీక్ష చేస్తానన్నాను.