కాలరు లోపలి దారం

ఇస్త్రీకొట్టు తలుపు తీశాక, పెట్టె వేడెక్కేలోపు పెద్దకోడలు రోజూ చేసే పని ఒకటుంది. అలమారలోని మూటల్ని ఒక్కొక్కటే తాకుతూ, "ఇది ఆస్పత్రి నర్సమ్మది, ఇది బస్సు డ్రైవరుది, ఇది పంతులుగారిది" అనుకునేది. ఒక్కో ఇంటి పేరునా "చల్లగా చూడు తండ్రీ" అని దణ్ణం పెట్టుకునేది. ఇరవై రెండేళ్ళలో ఒక్క బట్టకైనా గుర్తు వేసి ఎరగదు. అరిగిన కాలరు చూస్తే చాలు, ఎవరిదో చెప్పేది.

నాలుగేళ్ళ కింద ఒక కన్ను మసకేసింది. తర్వాత కాళ్ళు తిమ్మిరెక్కాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. ఈ ఏడాది పేర్లు నాలుక చివరిదాకా వచ్చి నిలిచిపోవడం మొదలైంది.

"మీ ఇస్త్రీపెట్టె తీగ మీద తొడుగు అరిగితే ఏమవుతుంది? నరాలదీ అంతేనమ్మా. ఇది మీ అశ్రద్ధ కాదు, జబ్బులో భాగమే. గుర్తులు పెట్టుకోండి," అంది డాక్టరమ్మ.

గుర్తులు పెట్టింది మాత్రం సాయానికొచ్చిన తోడికోడలు. ప్రతి కాలరు లోపలా రంగుదారంతో ఒక కుట్టు వేసేది. నెల తిరిగేసరికి బేరాలవాళ్ళు గుమ్మంలోంచే "చిన్నమ్మ ఉందా?" అనసాగారు. ఆ మాట వింటే పెద్దకోడలికి కడుపులో కుంపటి రాజుకునేది. తను కూర్చుని పనిచేసుకునేందుకు తోడికోడలు బల్ల పక్కన వేసిన ఎత్తుపీటనూ ఓర్వలేకపోయింది. నన్ను మూల కూర్చోబెట్టి కొట్టు తను ఏలదామనే!

"నాకు దారాలెందుకు?" అని దారం చూడకుండానే ఒకనాడు బస్సు డ్రైవరుకి మూట అందించింది. సాయంత్రం అతను నర్సమ్మ తెల్లకోటు పట్టుకొచ్చాడు.

"అక్కా, రేపట్నుంచి నన్ను సూదులేయమంటావా? బస్సెవరు నడుపుతారు, నర్సమ్మా?"

అందరితోపాటు తనూ నవ్వింది. పెనిమిటి మెల్లగా, "ఇకనుంచి మూటలు చిన్నది ఇస్తుందిలే, నువ్వు మడతలు పెట్టు," అన్నాడు. ఆ నవ్వు అక్కడే చచ్చిపోయింది. ఆ గుమ్మం తనది. అదీ పోతే ఇంకేం మిగిలింది?

మర్నాడు పొద్దున దణ్ణాలు పెట్టుకుంటుంటే మూడో మూట దగ్గర నాలుక ఆగింది. ఎంత వెతికినా పేరు రాదు. వెనక నీళ్ళు చిలకరిస్తున్న తోడికోడలు తలెత్తలేదు. తనలో తాను గొణుక్కున్నట్టుగా, "అబ్బ, పంతులుగారి పంచెకి గంజి ఎక్కువైనట్టుంది," అంది.

పెద్దకోడలికి అర్థమైంది. ముందు ఒళ్ళు మండింది. మంచితనంలోనూ ఇదే ముందా! ఆ మంటతోనే పంతులుగారి ఇంటి పేరున దణ్ణం పెట్టింది. ఆపైన చిన్నకోడలి పేరునా పెట్టింది. తర్వాత ఎత్తుపీట మీద కూర్చుంది.

"ఏమే, ఒక్క సాయం చెయ్యవే."

"చెప్పక్కా."

"ఏ దారం ఎవరిదో అట్టమీద రాసి అలమార తలుపుకి అంటించు. లోపలివైపు, ఎవరికీ కనబడకుండా. చూసుకుని ఇస్తాను. మూట మాత్రం నా చేత్తోనే ఇవ్వనీ."