అత్తమ్మకు వేరే కార్డు

ఈ ఏటి పాలసీ పైసలు కట్టుమని ఫోనుకు కాయితం వచ్చినప్పుడు మా ఆయన మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చి ఉన్నడు. ఆయనకు వనపర్తిలో బోరు మోటర్లకు తీగ చుట్టే దుకాణం. మా ఇల్లు పెద్దమందడిలో. ఒక చేతిలో ముద్ద, ఒక చేతిలో ఫోను. చూస్తూ చూస్తూ ముద్దను మళ్ల పళ్లెంలోనే పెట్టిండు.

"గింత పెంచిండ్రేందే? ఈసారి ఇడిసిపెడదాం. అందరం మంచిగనే ఉన్నం గద."

మంచిగనే ఉన్నం, దేవుని దయ. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ. ఐదుగురికీ కలిపి ఒకటే ఆరోగ్య పాలసీ. కానీ ఇడిసిపెట్టుడు అంత సులువు కాదు. అత్తమ్మకు షుగర్ ఉన్నది. పాలసీ తీసుకున్న మొదటి ఏడే నేను ఆ మాట ఫారంలో రాయించిన. "రాయకుంటే ఏం కాదక్కా, ఎవరు చూడొచ్చిండ్రు" అన్నడు ఏజెంటు. చూసేవాడు ఒకడున్నడు కదా అని నేను రాయించిన. రాసినందుకు షుగర్‌తో వచ్చే జబ్బులకు మూడేండ్లు పైసా రాదన్నరు. ఆ మూడేండ్లు ఈ ఏటితోనే నిండినయి. ఇప్పుడు వదిలితే ఓపిక పట్టిందంతా నీళ్ల పాలు. మామయ్య మంచాన పడ్డప్పుడు సర్కారు కార్డు నడవని దవాఖానకు పోయి మేం పడ్డ పరేషాన్ నాకు ఇంకా కళ్ల ముందరే ఉన్నది.

"పది దినాలు టైం ఇయ్యి. చదివి చెప్త" అన్న.

నేను బడికి పోలేదు. అమరచింతలో మా నాయిన ఎండపూట చేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, గడప పక్కన సుద్దముక్కతో నాకు అక్షరాలు దిద్దించిండు. ఆయన పెట్టిన ఆ భిక్షతోనే ఇయ్యాల్టికీ పొద్దున దీపం ముట్టించినంక పారాయణం చేసుకుంటున్న. రోజుకు ఒక పుట, తొందర లేకుండ. పాలసీ కాయితాలను గూడ అట్లనే చదువుదామని తెలుగులో ఉన్నవి తెప్పించుకున్న. అర్థంకాని మాట కింద గీత గీసి, సాయంత్రం ఏజెంటుకు ఫోను చేసి అడిగేది. పాపం ఆ పిలగాడు విసుక్కోలే. నాలుగో రోజు మాత్రం, "అక్కా, నేను పరీచ్ఛ రాసినప్పుడు గూడ గింత చదవలే" అన్నడు.

మొదట దొరికింది కాన్పు ఖర్చు. దానికి మేం ఏటేటా విడిగా కడుతున్నం. పెద్దపిల్ల డిగ్రీల ఉన్నది, చిన్నోడు ఇంటర్ల. నేను నవ్వు ఆపుకోలేక అత్తమ్మకు చెప్పిన.

"ఇగ కాన్పు ఎవలకే? నాకా?" అని ఆమె ముందరి పళ్లు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

రెండోది అసలు సంగతి. ఐదుగురి కోసం కట్టే ప్రీమియం, ఆ ఐదుగురిలో పెద్ద మనిషి వయసును బట్టి లెక్కగడతరు. అత్తమ్మ వయసు ఈ ఏడు కొత్త మెట్టు ఎక్కింది. దాంతో పిల్లలకు గూడ ముసలోళ్ల ధర పడ్డది. మేం నలుగురం ఒక పాలసీల ఉండి, అత్తమ్మకు ఆమె పేరు మీద ఇంకోటి తీసుకుంటే, బిల్లులో కొంత భాగం మేమే పెట్టుకుంటమని ఆమె పాలసీల ఒప్పుకుంటే, రెండూ కలిపినా ఇప్పుడు అడిగిన దానికన్నా తక్కువే అయితది. అదే కంపెనీ కాబట్టి నిండిన మూడేండ్లు గూడ పోవు. అడిగి, రాతలో తెప్పించుకొని, రెండుమార్లు చదివిన. సంబరమైంది. ఒక్కటే కావాలె: గడువు లోపల అత్తమ్మ రక్త పరీక్షకు రావాలె, ఫారం మీద వేలిముద్ర వేయాలె.

అన్నం కాడ మా ఆయనకు చెప్తున్న. "అత్తమ్మకు వేరే కార్డు తీస్తే సరిపోతది" అన్న. తప్పు అక్కడ జరిగింది. ఆమె గోడకు ఆనుకొని కూర్చొని అంతా వింటున్నది.

మా దిక్కు కార్డు వేరైతే ఇల్లు వేరైనట్టే. ఏడేండ్ల కింద మా మరిది గద్వాలకు పోయినప్పుడు ముందుగాల రేషన్ కార్డు వేరు చేయించుకున్నడు. ఆ వారమే వాళ్ల పొయ్యి వేరైంది. ఆ తర్వాత పండుగకు గూడ మనిషి వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. ఇదంతా నాకు తెల్వంది కాదు. పది దినాలు ప్రతి అక్షరం చూసిన దాన్ని, ఇంట్లో ఉన్న మనిషి మొఖం చూడలే.

తెల్లారి లేచేసరికి అత్తమ్మ వాకిట్ల మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టించింది. జొన్న రొట్టె చేసుకుంటున్నది.

"ఏంది అత్తమ్మా ఇది?"

"కార్డు ఏరే ఆయె. పొయ్యి గూడ ఏరే ఉండాలె గద. నా బువ్వ నేనొండుకుంట."

మా ఆయన బతిమిలాడిండు. "అమ్మా, గది దవాఖాన కార్డే. ఉత్త కాయిదం."

"నీ తమ్ముడు గూడ ఉత్త కాయిదమే అన్నడు బిడ్డా."

రక్తమియ్యడానికి రానన్నది. రెండు దినాలు గట్లనే గడిచినయి. గడువు ఇంక నాలుగు దినాలు. మా ఆయన నన్ను పక్కకు పిలిచి, "అందరికీ కలిపి కట్టే శక్తి ఈ ఏడు లేదు. రాకుంటే ఆమె పేరు తీసేసి మనకు కట్టుకుందాం. ఏం జేస్తం మరి" అన్నడు. ఆయన తప్పు లేదు. ఆ ఏడు కాలం కాక, వానలు పడక బోర్లు ఎండి, మోటరు బాగుచేయించుకునేటోళ్లు తగ్గిండ్రు. కానీ అందరికన్నా దవాఖాన అవసరం పడేది ఆమెకే. ఆమెను తీసేసినంక ఆ పాలసీ తక్కువకు దొరికిందని ఎట్ల మురుసుకుంట?

మూడో దినం దేవుని ముందర కొంచెం ఎక్కువసేపే కూర్చున్న. లేచినంక నా పొయ్యి ముట్టియ్యలే. పిల్లలకు చెరొక పళ్లెం ఇచ్చి, మా ఆయనకు ఒకటి ఇచ్చి, నేనొకటి పట్టుకొని, నలుగురం పోయి వాకిట్ల ఆమె పొయ్యి చుట్టూ కూర్చున్నం.

"ఏందే, బిచ్చగాండ్ల తీరు?"

"మా పొయ్యి ఈ దినం ముట్టలే అత్తమ్మా. ఆకలైతుంది."

"నీ మొగనికి గూడ నేనే పెట్టాల్నా?"

"నీ కొడుకే గద. నువ్వే పెట్టు."

మా పిల్ల ముందుకు జరిగింది. "అవ్వా, నాకు అంచు మాడింది కావాలె."

"పొయ్యేకాలం దాపురించింది మీకు" అనుకుంట ఆమె లోపలికి పోయి, నా డబ్బాలో నుంచే పిండి తెచ్చింది. రొట్టె తర్వాత రొట్టె. చేతులు చప్పుడు చేస్తున్నయి, నోరు తిడుతున్నది. నలుగురికీ పెట్టినంక తన రొట్టె చేతిలో పట్టుకొని తినకుండ కూర్చుంది. అప్పుడు అడిగింది, ఎవరి దిక్కూ చూడకుండ.

"కార్డు ఏరైతే, రేపు దవాఖానల పడితే, నా పక్కకు ఎవరు కూసుంటరే?"

ఇదా ఆమె ఫికర్! మూడు దినాల నుంచి నేను ధర తగ్గుతదని చెప్తున్న. ఆమె అడుగుతున్నది ధర కాదు.

లోపలికి పోయి ఫారం తెచ్చిన. ఆమె ఎదురుగ కూర్చొని, పారాయణం వినిపించినట్టే మొదటి నుంచి చదివిన. ఆమె గూడ కొంగు తల మీద కప్పుకొని, కాళ్లు ముడుచుకొని, అదే భక్తితో విన్నది. ఇంటి అడ్రసు కాడ ఆపింది.

"గది మన ఇల్లే గద?"

"మన ఇల్లే. రెండిట్లనూ ఇదే."

"పైసలు ఎవరు కడతరు?"

"నీ కొడుకు పేరే ఉన్నది."

కిందికి వచ్చినంక ఒక గీత ఖాళీగ ఉన్నది. ఈమెకు ఏమన్న అయితే ఎవరిని పిలవాలె, ఎవరితో మాట్లాడాలె అని. ఫారం ఇచ్చిననాడు ఏజెంటు మా ఆయన పేరు రాస్తనన్నడు. నేనే ఆపిన. "ఇక్కడ ఎవరి పేరు రాయాలె అత్తమ్మా? నువ్వే చెప్పు" అన్న.

ఆమె కొడుకు దిక్కు చూసింది. ఆయన నోట్ల రొట్టె ఉన్నది.

"వాని పేరొద్దు. వానికి మోటర్ల సప్పుడు తప్ప ఇంకోటి ఇనపడదు, ఫోనెత్తడు. నీ పేరు రాయి."

రాసిన. "ఏం రాసినవో సదువు" అన్నది. చదివిన. "ఇంకోపారి" అన్నది. మళ్ల చదివిన. అప్పుడు చేతిలో చల్లారిన రొట్టె విరిచి నోట్ల పెట్టుకుంది.

మరునాడు ఫారం మీద ఆమె వేలిముద్ర వేయించుకొని వనపర్తికి పోయినం. పరగడుపున రమ్మన్నరని ఆమె చాయ గూడ తాగలే. బస్సులో ఉన్నంతసేపు నన్ను తిట్టింది, ల్యాబుల పిల్ల సూది తియ్యంగనే నా ముంజేయి గట్టిగ పట్టుకుంది. కార్డు ఇంక రానే లేదు, పక్కన ఎవరు కూర్చుంటరో అప్పుడే తెలిసిపోయింది. షుగర్ కొంచెం ఎక్కువే ఉన్నదని తేలింది. మేం ముందే చెప్పిన జబ్బే కాబట్టి కంపెనీ పేచీ పెట్టలే. గడువుకు ఒక దినం ముందు రెండు పాలసీలూ కట్టినం. ముందు అడిగినదానికన్నా తక్కువే అయింది. చదువు చెప్పిన మా నాయినకు, చదవనిచ్చిన దేవునికి దండం పెట్టుకున్న.

కార్డులు వచ్చిన దినం పక్కింటామె వాకిట్ల నిలబడి, "ఏందక్కా, ఏరే కార్డు తీసిండ్రట? ఏరు పడ్డరా ఏంది?" అని అడిగింది.

"నీ నోట్ల మన్ను వడ! ఏరెందుకు పడ్తం?" అని అత్తమ్మ కార్డు ఆమె మొఖం కాడికి ఎత్తి చూపింది. "నాకు జరమొచ్చినా నా కోడలికి ఫోను పోతది. సర్గానికి గూడ దాన్ని అడగకుంట పంపరు నన్ను."