లదాఖ్ మాగ్నెటిక్ హిల్‌కు నాన్న లెవెల్ పైపుతో

తప్పు చేసింది చల్లపల్లిలో సైన్సు ట్యూషన్ చెప్పే ఒక మాస్టారు. లదాఖ్‌లోని మాగ్నెటిక్ హిల్ కార్లను పైకి లాగుతుందని ఆయన చెబితే, మా చెల్లి సుజాత "అది కంటి భ్రమ అండీ" అంది. అందరి ముందూ దాని చేత క్షమాపణ చెప్పించారు. ఆ రోజు నుంచి అది ట్యూషన్‌లో నోరు విప్పడం లేదు. నేను మూఢనమ్మకాల మీద పంచే కరపత్రాలు చదివి సైన్సు నేర్చుకున్నవాణ్ణి. కోపం ఆగలేదు. తాపీ పని చేసే నాన్నను లెవెల్ పైపు అడిగి తీసుకుని, పామర్రు శీను బావతో బయలుదేరాను.

విజయవాడ నుంచి ఢిల్లీకి రైలు, అక్కడి నుంచి లేహ్‌కు విమానం. ఆ ఎత్తుకు ఒళ్లు అలవాటు పడాలని రెండు రోజులు కదలకుండా పడుకుని, మూడో రోజు ఉదయం ఎనిమిదికి కార్గిల్ రోడ్డు పట్టాం. టాక్సీకి ఇద్దరం కలిసి మూడు వేలు. దారి పొడుగునా గడ్డిపరక లేని కొండలే, ఒకటి ఊదా, ఒకటి ఇటుక రంగు. గంటలోపే చేరాం. డ్రైవర్ స్టాన్జిన్ గారు యాభై దాటినవారు. రోడ్డు మీద గీసిన పెట్టెలో బండి ఆపి ఇంజను కట్టేశారు. బండి మెల్లగా ఎత్తుకేసి కదిలింది. నా కళ్లకు అది ఎత్తే.

"మన దివిసీమలో కాలవ గట్టే కొండ. నీ కంటికి ఎత్తేంటో పల్లమేంటో ఏం తెలుసు బావా? ముందు పైపు తియ్యి," అన్నాడు శీను.

"అయస్కాంతమే. పదహారేళ్లుగా చూస్తున్నాను," అన్నారు స్టాన్జిన్ గారు హిందీలో.

"ఏళ్లు గడిస్తే నిజమైపోతుందా?" అని నా వచ్చీరాని హిందీలో అరిచాను.

"ఊపిరి దాచుకో తమ్ముడూ, ఇక్కడ గాలి తక్కువ," అని నవ్వి, పైపు రెండో కొన ఆయనే పట్టుకున్నారు.

నీళ్లు నింపిన ఆ సన్నటి గొట్టంలో రెండు కొనల్లోనూ నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. నేల పల్లంగా ఉన్న వైపు నేలకూ నీటికీ మధ్య ఎడం ఎక్కువ. ఎత్తుగా కనిపిస్తున్న వైపే ఆ ఎడం జానెడు ఎక్కువ వచ్చింది. అంటే అదే పల్లం. చుట్టూ ఉన్న కొండల వాలు కంటిని మోసం చేస్తోంది. స్టాన్జిన్ గారు మోకాళ్ల మీద కూర్చుని తన జానతో రెండుసార్లు కొలిచారు.

"రేపటి నుంచి టూరిస్టులకు ఏం చెప్పను?" అన్నారు. దారిలో నేను చెప్పిన చెల్లి సంగతి గుర్తొచ్చి, నా ఫోన్‌లో వీడియో తియ్యమన్నారు. "చెల్లెమ్మా, పొరపాటు నాది. నువ్వు చెప్పిందే సరి."

తర్వాత సింధు, జంస్కార్ నదులు కలిసే చోట ఆపారు. ఆకుపచ్చ నీరు, మట్టి నీరు పక్కపక్కనే నడుస్తున్నాయి. మనసంతా ఆ కొండ దగ్గరే ఉండి నేను సరిగా చూడలేకపోయాను. నేను ఎవరి మీద అరిచానో ఆ మనిషే కొలిచి చూసి ఒప్పుకున్నారు. ఆ గుణం ఏ కరపత్రంలోనూ నాకు దొరకలేదు. ఆయనకు రుణపడి ఉంటాను. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: లేహ్‌లో రెండు రోజుల విశ్రాంతి ఎగ్గొట్టకండి, కొండ దగ్గరికి తొమ్మిదిలోపు చేరండి, తర్వాత బండ్లు నిండిపోతాయి.

ఆ వీడియో, ఈ పైపు చూడడానికి ఈ ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు చల్లపల్లి గ్రంథాలయం ఆవరణకు అందరూ రండి. మాస్టారూ, మీరూ తప్పక రావాలి. నేను నోరెత్తను. మాట్లాడేది సుజాత.