ఆయన పట్టుకోని టోపీ

మా పై అంతస్తు బాబాయి గారు పోయారన్న సంగతి నాకు ఒక క్రికెట్ మెసేజ్ ద్వారా తెలిసింది. నేను లెక్కలు చెప్పే బడిలో రెండు పీరియడ్ల మధ్య ఫోన్ చూసుకుంటే లీగ్ గ్రూపులో "శుక్రవారం మ్యాచ్‌లు రద్దు. మన అంపైర్ గారు ఇక లేరు" అని ఉంది. నేను మొదటి వాక్యం మాత్రం చదివి, "ఎందుకూ, దుమ్ము తుఫానా?" అని జవాబు పంపేశాను. పంపాక రెండో వాక్యం కనబడింది. గబగబా ఆ జవాబు తీసేశాను. పొద్దున్నే మెట్ల మీద ఎదురై, "పులిహోర బావుందమ్మా, ఇంగువే కాస్త తగ్గింది" అన్న మనిషి, ఆఫీసులో కుర్చీలోనే వాలిపోయారట.

బాబాయి అన్నానని చుట్టరికం అనుకోకండి. ఆయనది విజయనగరం వైపు, మాది కాకినాడ. మస్కట్‌లోని రువిలో ఒకే బిల్డింగులో ఆయన పై ఇంట్లో, మేము కింద ఇంట్లో ఉన్నాం. పెళ్ళయి మస్కట్ వచ్చిన కొత్తలో నాకు గ్యాస్ బండ ఎలా తెప్పించుకోవాలో కూడా తెలియదు. అప్పుడు పై నుంచి దిగివచ్చి ఫోన్ చేసి పెట్టింది ఆయనే. ఆ రోజే బాబాయి గారయ్యారు, వాళ్ళావిడ పిన్ని గారయ్యారు.

వారమంతా ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో ఇంజినీరు. శుక్రవారం పొద్దున మాత్రం తెల్ల చొక్కా, తెల్ల టోపీ, జేబులో ఆరు ఖర్జూరం గింజలు. ఒక్కో బంతికీ ఒక్కో గింజ ఈ జేబులోంచి ఆ జేబులోకి మారేది. బంతులు లెక్కపెట్టే మీటరు ఎవరో కొనిచ్చినా వాడలేదు. ఆ గింజలు తీయడం మర్చిపోతే సాయంత్రం పిన్ని గారి వాషింగ్ మెషిన్ గలగలమనేది, ఆవిడ విసుక్కోవడం మా వంటింట్లోకి వినబడేది.

మా లీగ్ గురించి కొంచెం చెప్పాలి. ఇక్కడి కంపెనీలు జట్లు పెట్టుకుని ఆడే లీగ్ అది. పేరుకు సరదా. గెలవడం కోసం మాత్రం కొన్ని కంపెనీలు మంచి ఆటగాళ్ళకి ఉద్యోగం పేరుతో వీసా ఇచ్చి రప్పించుకుంటాయి. మా ఆయన కెప్టెన్‌గా ఉన్న జట్టులో ఒక ఫాస్ట్ బౌలర్ ఉన్నాడు, గుంటూరు వైపు అబ్బాయి. బతాకా మీద, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు మీద, స్టోర్‌కీపర్ అని ఉంటుంది. ఆ స్టోర్లో ఏముందని అడిగితే అతనికి తెలియదు. ఆడినన్నాళ్ళే ఉద్యోగం, ఉద్యోగం ఉన్నన్నాళ్ళే వీసా. భార్య, చిన్న పాప కూడా ఆ వీసా మీదే ఇక్కడున్నారు.

లీగ్‌లో గొడవలు వస్తే తేల్చే కమిటీకి బాబాయి గారే పెద్ద. ఒక సీజన్లో, నిజామాబాద్ వైపు నుంచి వచ్చి సైట్లో పనిచేసే ఒకతను మత్రా బజారులో దుకాణదారుడితో కొట్లాటకి దిగాడు. ఇంకో జట్టులో, ఆడేవాళ్ళు తక్కువైతే దిగే మనిషి. బాబాయి గారి కమిటీ చాయ్ చల్లారేలోపు అతన్ని సీజన్ మొత్తానికీ తీసేసింది. మేమంతా క్రమశిక్షణంటే ఇదీ అనుకున్నాం, ఆయనా అనుకున్నారు.

మన దేశంలో పెద్ద లీగ్ జరిగే రోజుల్లో ఇక్కడ టీవీలో సాయంత్రం ఆరింటికి ఆట మొదలవుతుంది. నేను కాఫీ ఫ్లాస్కు పట్టుకుని పైకి వెళ్ళేదాన్ని. ఒక ఏడాది ఒక పేరున్న బౌలర్ ఎవరినో కొట్టిన గొడవలో ఇరుక్కున్నాడు. లీగ్ వాళ్ళు ముందు "అది అతని వ్యక్తిగత విషయం" అన్నారు. జనం గోల పెట్టాక "విచారణ పూర్తయ్యేదాకా పక్కన పెడుతున్నాం" అన్నారు. జట్టు వరసగా ఓడిపోయేసరికి విచారణ పూర్తయిపోయింది. అతను కొత్త చొక్కా వేసుకుని వీడియోలో క్షమాపణ చెప్పి, మర్నాడే బంతి పట్టుకున్నాడు.

"చూశావా అమ్మా," అన్నారు బాబాయి గారు. "ఆడని వాడైతే వెంటనే న్యాయం. ఆడేవాడైతే విచారణ."

"మరి మీరు చూడటం మానెయ్యొచ్చుగా?" అన్నాను.

"మానలేకపోతన్నానమ్మా. అదే నా బాధ."

తెర మీద ఆ బౌలర్ టోపీ తీసి అంపైర్ చేతికిచ్చాడు. అది క్రికెట్లో మామూలే. ఓవర్ వేసే ముందు బౌలర్ టోపీ ఇస్తాడు, అంపైర్ పట్టుకుని నిలబడతాడు. బాబాయి గారు కుర్చీలో ముందుకు జరిగి, "చూడు, పట్టుకున్నాడు" అన్నారు. ఇందులో చూడ్డానికేముందో నాకు అర్థం కాలేదు.

కిందటి సీజన్ మొదట్లో, అలాంటి ఒక సాయంత్రమే బెల్ మోగింది. పిన్ని గారు తలుపు తీస్తే మా బౌలర్ భార్య, చంకలో పాప. కింది పెదవి చిట్లి ఉంది. బాబాయి గారు టీవీ గొంతు తగ్గించారు గాని ఆపలేదు, ఆపాలని తోచలేదనుకుంటాను. పిన్ని గారు ఆమెను లోపలికి తీసుకెళ్ళి మంచు ముక్కలు గుడ్డలో చుట్టి ఇచ్చారు. నేను పోలీసులకు ఫోన్ చేద్దామన్నాను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

"వద్దక్కా," అంది ఆమె. "సార్, మీరు కూడా కమిటీలో ఏం చెప్పొద్దు. లీగ్ లోంచి తీసేస్తే కంపెనీవాళ్ళు ఖలాస్ అంటారు, వీసా పోద్ది. ఇంటికెళ్తే వాళ్ళమ్మా వాళ్ళు ఆయన ఎంతంటే అంత. అక్కడ నాకెవరూ లేరు. ఇక్కడైతే ఈ బెల్లన్నా ఉంది."

"అలా అని ఊరుకుంటామా?" అన్నాను.

"మీకేం అక్కా, మీకు ఉద్యోగం ఉంది."

టీవీలో ఎవరో సిక్స్ కొడితే జనం శబ్దం లేకుండా ఎగిరారు. ఆమె వెళ్ళాక బాబాయి గారు, పాప మర్చిపోయిన చిన్న చెప్పును చేతిలో తిప్పుతూ, "గ్రౌండ్ బయట జరిగింది మనకెందుకంటారు. బయట ఎక్కడ మొదలవుద్దమ్మా? తాడు దాటితేనా?" అని అడిగారు.

కమిటీ ఏమీ చెయ్యలేదు. అసలు కమిటీ ముందుకి ఏమీ రాలేదు. నేను మూడు రోజులు పైకి వెళ్ళలేదు, కోపంతో.

శుక్రవారం వచ్చింది. గ్రౌండ్ పక్క నీడ గుడ్డ కింద మేమంతా కూర్చున్నాం, బౌలర్ భార్య కూడా ఉంది. అతను ఓవర్ వేయడానికి వచ్చి టోపీ తీసి బాబాయి గారి ముందు చాచాడు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. చూడలేదనుకుని "సార్, టోపీ" అన్నాడతను. ఆయన బ్యాట్స్‌మన్ వైపే చూస్తున్నారు. అతను ఇంకోసారి అన్నాడు. ఆఖరికి టోపీ పట్టుకుని బౌండరీ తాడు దాకా పరుగెత్తుకొచ్చి, మా ముందు, తన భార్య కాళ్ళ దగ్గర పడేసి తిరిగి పరుగెత్తాడు. ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుంది.

ప్రతి ఓవర్‌కీ అంతే. ఆ ఎండలో, అంత దూరం, పోవడం, రావడం. మిగతా బౌలర్ల టోపీలు మాత్రం ఆయన ఎప్పటిలాగే నడుముకి దోపుకునేవారు.

ఆ సాయంత్రం మా ఆయన పైకి వెళ్ళి గొడవపడ్డాడు. వెనకే నేనూ వెళ్ళాను.

"ఇదేం పద్ధతి బాబాయి గారూ? అందరి ముందూ నా బౌలర్‌ని అవమానిస్తారా?"

"టోపీ పట్టుకోవాలని రూల్ బుక్కులో ఉందా బాబూ? ఉంటే చూపించు, పట్టుకుంటాను."

"తప్పు చేశాడంటే కమిటీలో పెట్టండి, తీసేద్దాం. ఏదీ చెప్పకుండా ఇదేంటండీ?"

"తీసేస్తే ఆ పిల్ల రోడ్డున పడుద్ది. ఊరుకుంటే నాకు నిద్ర పట్టదు. మత్రా కుర్రాణ్ణి నిమిషంలో తీసేశాం, ఇతన్ని తియ్యలేకపోయాం. ఇద్దరికీ తేడా ఏటి? వికెట్లు. ఇంకేటి చెయ్యమంటావు? నాకు తోచింది ఇదొక్కటే."

మా ఆయన దిగిపోయాక నేను అడిగాను, "ఇది సరిపోతుందా బాబాయి గారూ?" అని.

"చాలదమ్మా," అన్నారు. పిన్ని గారు వంటింట్లోంచి, "చాలదని తెలిసీ మళ్ళీ అదే చేస్తారు" అని గొణిగారు.

ఇంకొకటి కూడా నాకు ఈ రోజుకీ కొరుకుడు పడదు. ఆ సీజన్ ఫైనల్ ఆఖరి ఓవర్లో అదే బౌలర్ బంతి అవతలి బ్యాట్స్‌మన్ కాలి ప్యాడ్‌కి తగిలింది. అతను వెనక్కి తిరిగి గొంతు చించుకుని అప్పీలు చేశాడు. బాబాయి గారు క్షణం కూడా ఆలోచించకుండా వేలెత్తారు. మేం గెలిచాం. టోపీని ముట్టని చెయ్యి అతనికి వికెట్ ఇచ్చింది. ఇదేమిటని అడిగితే, "అవుటైతే అవుటే. దానికీ దీనికీ సంబంధం లేదు" అన్నారు. మరి టోపీకి సంబంధం ఎలా ఉంది? నేను పిల్లలకు లెక్కలు చెబుతాను, రెండు వైపులా సరిపోతే తప్ప నాకు ఊపిరాడదు. ఈ లెక్క మాత్రం ఏ వైపు నుంచి చేసినా తేలదు.

ఆయన చేసింది శిక్షా, శిక్ష వెయ్యలేని పెద్దమనిషి తన మనసుకు చెప్పుకున్న సర్దుబాటా? ఒక్కో రోజు ఒక్కోలా అనిపిస్తుంది. నిర్భయంగా ఫిర్యాదు చేసి ఉండాల్సిందని ఇప్పటికీ నా గట్టి నమ్మకం. చేసి ఉంటే ఆమె ఈపాటికి ఎక్కడ ఉండేదో ఊహించుకుంటే ఆ నమ్మకం వదులైపోతుంది.

ఒకసారి ఆమెనే అడిగాను, ఇప్పుడెలా ఉన్నాడని.

"చెయ్యెత్తట్లేదక్కా," అంది. "ఆ టోపీ వల్లో, పాపకి మాటలొచ్చి అందరికీ చెప్పేస్తుందనో, నాకేం తెలుసు? శుక్రవారం ఇంటికొచ్చాక మాత్రం టోపీ తనే ఉతుక్కుంటాడు, నన్ను ముట్టుకోనివ్వడు."

బాబాయి గారిని ఇండియా తీసుకెళ్ళే కాగితాలు పూర్తయ్యేదాకా పై ఇంట్లో జనం నిండి ఉన్నారు. మ్యాచ్‌లు రద్దయిన ఆ శుక్రవారం, తలుపు దగ్గర చెప్పులు విప్పుతూ ఒకతను నిలబడిపోయాడు. గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. మత్రా గొడవలో బ్యాన్ అయిన నిజామాబాద్ అతను. ఇప్పుడు సహం అనే ఊళ్ళో పనిచేస్తున్నాడట, షేర్ టాక్సీలో ఇంత దూరం వచ్చాడు.

"నన్నైతే ఒక్క మాటల తీసేసిండ్రు మేడమ్," అన్నాడు. "గా బౌలర్‌కు మాత్రం టోపీ పట్టుకోలేదంట, గంతే. గిదెక్కడి న్యాయమని శానా రోజులు తిట్టుకున్న సార్‌ను."

"మరి వచ్చారు కదండీ."

"అదే సమజైతలేదు మేడమ్. రాకుంట ఉండబుద్ధి కాలే." రెండో చెప్పు కూడా విప్పి, "మల్ల సీజన్‌ల సార్ ఫోన్ చేసి, ఆడుతవా అని అడిగిండు. సహం దూరమైతది సార్ అన్న. సార్ తప్పైంది అని అనలే గని, గొంతు అట్లనే ఉండె" అన్నాడు.

ఆ ఫోన్ సంగతి పిన్ని గారికి కూడా తెలియదు. ఆవిడ మర్నాడు ఆయనతో పాటే విమానం ఎక్కారు. ఆయన ఉద్యోగంతో వచ్చిన వీసా కాబట్టి ఇక తిరిగి వచ్చేది సామాను కోసమే. పై ఇంటికి తాళం పడింది. సాయంత్రం ఆరయితే నాకు ఫ్లాస్కు చేతిలోకి తీసుకోబుద్ధవుతుంది. తీసుకుని, పెట్టేస్తాను. బాబాయి గారూ, మీ మీద నాకు కోపం పూర్తిగా పోలేదు. మీరు లేకపోవడం మాత్రం భరించలేకపోతున్నాను.

నిన్న శుక్రవారం మళ్ళీ ఆట మొదలైంది. ముందు అందరూ టోపీలు తీసి రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డారు. తర్వాత నీడ గుడ్డ కింద బౌలర్ భార్య నా పక్కన కూర్చుంది. పాప మా కాళ్ళ దగ్గర గులకరాళ్ళు ఏరుకుంటోంది.

"పై ఇంటి బెల్లు ఎవరు తీస్తారక్కా ఇప్పుడు?" అంది, గ్రౌండ్ వైపే చూస్తూ.

"కింద ఇంటిక్కూడా బెల్లుంది," అన్నాను. నా గొంతులో బాబాయి గారికున్నంత నెమ్మది లేదు. ఆమె తలాడించింది. నమ్మిందో లేదో తెలియదు.

కొత్త అంపైర్ ఈ మధ్యే లీగ్‌లో చేరినతను, పాత కథలేవీ తెలియవు. మా బౌలర్ ఓవర్ వేయడానికి వచ్చాడు. అంపైర్ మామూలుగా చెయ్యి చాచాడు. అతను మామూలుగా టోపీ ఇచ్చాడు. నా పక్కన ఆమె కాళ్ళు వెనక్కి లాక్కోవడం చూశాను, మా ముందు టోపీ ఏదీ పడకపోయినా.

అతను రనప్ కోసం నాలుగడుగులు వెళ్ళి ఆగాడు. వెనక్కి వచ్చి అంపైర్ చేతిలోంచి టోపీ తీసుకున్నాడు. తలకు పెట్టుకోలేదు. మా వైపు, తాడు వైపు చూశాడు గాని పరుగెత్తలేదు. బ్యాట్స్‌మన్ బ్యాటు నేలకు తట్టి తట్టి మానేశాడు, ఫీల్డర్లు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒక చేతిలో బంతి, ఇంకో చేతిలో టోపీ పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అతను ఆ ఎండలో నడిమధ్య అలాగే నిలబడి ఉన్నాడు.