కొంగు చాటు చెంబు

కలరా నుంచి నన్ను బతికించింది ఎవరని అడిగితే, చాలా ఏళ్లు దేవుడనే చెప్పి తప్పించుకున్నాను. ఎవరి చేత బతికించాడో చెప్పలేదు.

యుద్ధం రోజులవి. పాకాల స్టేషన్‌లో చిత్తూరు రైలు కోసం కూర్చున్న నాకు వాంతులు పట్టుకున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు మూటలు ఎత్తుకుని దూరంగా పరుగెత్తారు. నాలుక పిడచకట్టింది. దిక్కులేకుండా అక్కడే చచ్చిపోతానని భయపడ్డాను.

చంకలో బైబిలు ఉన్న ఒకామె వచ్చి నా తల ఒళ్లో పెట్టుకుంది. తన చెంబులోని ఉప్పుగంజి నా నోటికి అందించింది.

"నీకు బయం లేదా?" అన్నాను.

"ల్యాకేమప్పా, శానా బయం. నిన్నిట్ల ఇడిసిపెట్టి పోతే రేపు ప్రభువుకు ఏం మొకం సూపించేది? తాగు."

సాయంత్రానికి కబురంది మా అన్న వచ్చాడు. మా ఇంట్లో కిరస్తానీల చేతి నీళ్లు ముట్టరు.

"ఈమె చేతిది ఏమన్నా తాగినావా రా?"

ఇంటి గడప తొక్కనివ్వడన్న భయంతో "లేదు" అన్నాను. ఆమె ఖాళీ చెంబును మెల్లగా కొంగు చాటున దాచుకుంది.

చాలా ఏళ్లకు అదే స్టేషన్‌లో ఆమె కనిపించింది. అన్న నా పక్కనే ఉన్నాడు. దగ్గరికి వెళ్లి చెంబు అడిగి, అతను చూస్తుండగానే నీళ్లు తాగాను.

"అక్కా, ఆ పొద్దు గూడా తాగినాను. నీ ముందరే లేదన్నాను. మన్నించు."