ఘాటు గ్యాసుతో మంచక్క కాపురం

స్కేటింగ్ హాల్లో మంచు గట్టిగా నిలవాలంటే వెనక యంత్రాల గది ఆగకుండా పనిచెయ్యాలి. ఆ గదిని చూసుకునే మెకానిక్‌ని అందరూ మంచక్క అని పిలిచేవారు. పాత యంత్రాలు తీసేసి అమ్మోనియాతో నడిచేవి పెడుతున్నారని తెలియగానే, టైలరైన ఆమె భర్త కత్తెర పక్కన పడేశాడు.

"అది పీలిస్తే ఊపిరాడదటగా! ఆ పని మానెయ్, నీకు పుణ్యముంటుంది."

"పాత గ్యాసు కారితే ఎవరికీ తెలిసేది కాదు. ఇది చిటికెడు కారినా ముక్కు గోల పెట్టేస్తుంది. నా ధైర్యం అదే," అంది మంచక్క.

ధైర్యంతో పాటు భయమూ ఉంది. అందుకే శిక్షణకు వెళ్లి శ్రద్ధగా నేర్చుకుంది. అమ్మోనియా యంత్రాల గది దాటి రాదు. అది చల్లబరిచిన ఉప్పునీరే మంచు కింది గొట్టాల్లో తిరుగుతుంది. గదిలో అలారం, పెద్ద ఫ్యాను బిగించారు. గాలి ఎటు వీస్తోందో చూపడానికి కప్పు మీద కట్టే గుడ్డ గొట్టాన్ని, గొణుక్కుంటూనే, భర్త కుట్టిచ్చాడు.

ఇక మిగిలింది, గ్యాసు కారితే జనాన్ని బయటికి చేర్చడం. స్కేట్లు విప్పుతూ కూర్చుంటే ఆలస్యం. విప్పకుండా నేలమీద నడిస్తే జారిపడతారు. మంచక్క మంచు అంచు నుంచి వీధి దాకా రబ్బరు చాపలు పరిపించి, అందరిచేతా నడక సాధన చేయించింది. మధ్యాహ్నాలు వచ్చే బామ్మల జట్టు మొరాయించింది.

"ఇప్పుడే కాళ్లు స్వాధీనంలోకొచ్చాయే తల్లీ! నీ గ్యాసుని కాసేపు ఆగమను," అంది వాళ్లలో పెద్దావిడ.

"ఆగమంటే ఆగేది మా ఆయనొక్కడే బామ్మా. పదండి!"

ఒక మధ్యాహ్నం అలారం నిజంగానే మోగింది. యంత్రాలు వాటంతటవే ఆగాయి, ఫ్యాను హోరెత్తింది. బామ్మలు చేయీ చేయీ పట్టుకుని, బాతుల్లా ఊగుతూ, గాలికి ఎదురు దిక్కున వీధిలోకి చేరారు. ఒక్కరూ పడలేదు. ఫైరింజను వచ్చింది. గదిలో గ్యాసు కొద్దిగానే ఉందని బయటి మీటరు చూపాక, మంచక్కా, హాల్లో పనిచేసే ఎలక్ట్రీషియనూ మాస్కులు తొడుక్కుని జంటగా లోపలికెళ్లి, కారుతున్న వాల్వు బిగించి వచ్చారు.

ఆమె మాస్కు తీసేసరికి ఎదురుగా భర్త, రొప్పుతూ. భుజాన ఎవరిదో సగం కుట్టిన ప్యాంటు.

"బాగానే ఉన్నావా?"

"నేను బాగానే ఉన్నాను. ఆ ప్యాంటు ఎవరిది?"

అతను భుజం తడుముకుని తెల్లమొహం వేశాడు. ముందు బామ్మలు పకపక నవ్వారు, తర్వాత ఫైరింజను వాళ్లు, చివరికి అతనూ.

సాయంత్రం హాలు మళ్లీ తెరిచారు. బామ్మలు మంచక్కకు బలవంతంగా స్కేట్లు తొడిగి మంచు మీదికి లాగారు. ఆమె రెండడుగులు వేసి చతికిలబడింది. లేవబోయి మళ్లీ పడి, అక్కడే వెల్లకిలా పడుకుని, కడుపు పట్టుకుని నవ్వింది.