తూటా ఆగే చోటు

కోరుట్లలో మా వీధి చివరి దర్జీ తన కుట్టుమిషనుకు నూనె వేస్తుంటే నేను అక్కడే నిలబడిపోతాను. చొక్కా ఇవ్వడానికి వెళ్లినవాణ్ని ఆ మాటే మరిచిపోతాను. ఆ పల్చని నూనె వాసనలో కొంచెం ఇనుము, కొంచెం ఎండ, ఎక్కడో తడిసిన రాయి ఉంటాయి. కళ్లు మూసుకుంటే సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో పొగమంచు కొండ దిగి వీధిలోకి వస్తుంది. దుకాణాల బోర్డులు ఒక్కొక్కటే మాయమవుతాయి. ఆ తెల్లదనం మధ్య ఒక అద్దాల బల్ల, దాని వెనక మెత్తటి గుడ్డతో తుపాకీ గొట్టాన్ని తుడుస్తూ ఖాజా భాయ్. ఇందులో ఆత్మల ప్రమేయం ఏమీ లేదు. ముక్కు నుంచి మెదడుకు ఉన్న దగ్గరి దారి, అంతే. ఆ సంగతి తెలిసినా, ప్రతిసారీ కలలోకి నడిచి వెళ్లినట్టే ఉంటుంది.

ఖాజా భాయ్‌ది కడప జిల్లా. వేట సామాను అమ్మే ఆ దుకాణంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాడు. యజమాని అబూ నాసిర్ సైన్యంలో పనిచేసి దిగినవాడు. లైసెన్సు చూసేదీ, తూటాల బీరువా తాళం తీసేదీ, పెట్టె కొనేవాడి చేతిలో పెట్టేదీ ఆయనే. పరాయి దేశంవాళ్లం, తుపాకీ పేల్చే హక్కు మాకు లేదు. తుడవడం, దుర్బీను బిగించడం, ఏ జంతువుకు ఏ తూటా సరిపోతుందో చెప్పడం ఖాజా భాయ్ పని. అదే దుకాణం రెండో పక్క నేను గుడారాలు, చలి దుప్పట్లు, కాఫీ కూజాలు అమ్మేవాణ్ని. అంతకు ముందు ఊళ్లో తాయెత్తుల మీద, బాబాల మీద, కులం మీద వేదికలెక్కి గొంతు చించుకున్నవాణ్ని. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. “ఏం ఉపన్యాసం సారూ, దుప్పట్లు కూడా వాదించే అమ్ముతావా?” అనేవాడు. ఆయన వేళ తప్పకుండా నమాజు చేసేవాడు. నేను దేనికీ మొక్కేవాణ్ని కాదు. అయినా, పరీక్షించి చూడందే ఏ మాటా నమ్మని మనిషిని ఆ దుకాణంలో వెతికితే ఆయనే కనిపించేవాడు.

ఒక పొగమంచు రోజున గొర్రెల మందలున్న అబూ సాద్ కోపంతో వచ్చాడు. మనుషులకు దూరమై గుంపు కట్టిన కుక్కలు అతని మేకపిల్లలను చీల్చేశాయట. బల్ల మీద చేత్తో కొట్టి, “అన్నింటికన్నా పెద్ద తూటా ఇవ్వు” అన్నాడు. ఖాజా భాయ్ గుడ్డ పక్కన పెట్టి, అరబ్బీలో రెండే మాటలు అడిగాడు: “ఏష్ వరా?” వెనక ఏముంది అని.

“దేని వెనక?”

“నువ్వు కాల్చే కుక్క వెనక. కొండా, ఇసుకా, నీ మందా?”

 అబూ సాద్ నవ్వాడు. “నా మందే. ఇంకేం ఉంటుంది?”

“అట్లయితే పెద్దదానితో కుక్క చస్తుంది, దాని వెనక నీ పొట్టేలూ చస్తుంది. రెంటికీ ఒకటే ఖర్చు, లాభమే కదా!”

అబూ నాసిర్ పడీ పడీ నవ్వాడు. అబూ సాద్ చిన్న తూటా తీసుకుని వెళ్లాడు.

నాకు మాత్రం ఆధారం కావాలి. చిన్నది చాలునని ఎట్లా చెప్పగలవని పట్టుబట్టాను. మర్నాటి సెలవు రోజున అబూ నాసిర్ మమ్మల్ని ఊరి బయట ఎండిన వాగుకు తీసుకెళ్లాడు. ఖాజా భాయ్ తడి బంకమట్టిని కుక్క ఛాతీ అంత మందాన దిమ్మలుగా చేసి, మట్టికట్టకు ఆనించి వరసగా పెట్టాడు. యజమాని కాల్చాడు. మొదటి దిమ్మలో పెద్ద తూటా గుండు, అంటే తూటా కొసన ఉండి ఎగిరిపోయే ముక్క, ఆగనే లేదు. రెండోదానిలో చిన్న తూటాయే, కాని గుండుకు నిండా గట్టి రాగి తొడుగు ఉన్నది. అది కూడా పెన్సిలు పట్టేంత కంత చేసి అవతలికి పోయింది. మూడోది అదే చిన్న తూటా, ముక్కు మెత్తగా ఉన్న తేలిక గుండు. దిమ్మ వెనక వైపు చెక్కుచెదరలేదు. మధ్యకు కోసి చూస్తే లోపల పిడికిలి పట్టేంత గుల్ల, అందులో రాగి రేకులు.

“చూడబ్బా,” అన్నాడు మట్టి చేతులతోనే. “సన్న ఒళ్లు జంతువు ఇది. గట్టి గుండు వేస్తే సూది గుచ్చినట్టు దూరి పోతాది. కుక్క పరిగెత్తి యాడో పొద మాటున రెండు దినాలు బాధపడి చస్తాది. గుండు పోయి రాయికి తగిలి యా పక్కకు తిరుగుతాదో అల్లాకే ఎరుక. ఈ మెత్తది లోపలే విచ్చుకుంటాది. జంతువుకు బాధ లేదు, వెనకోనికి భయం లేదు. గాలికి కొంచెం పక్కకు పోతాది, అందుకని దగ్గరికి పోయి కాల్చాల. అంతే మతలబు.”

వాగు మీద పొగమంచు పలచబడుతూ చిక్కబడుతూ ఉంది. ఆ కోసిన మట్టి ముద్ద ఆయన చేతిలో పండులా కనిపించింది. పరీక్షించి చూశాకే నమ్మాలని అన్ని వేదికల మీద నేను చెప్పాలనుకున్నది ఆ వాగులో ఎవరూ గొంతెత్తకుండానే రుజువైందనిపించింది.

తర్వాత నితాఖాత్ వచ్చింది, సౌదీలకే ముందు పనివ్వాలనే చట్టం. కంపెనీలకు రంగులు వేశారు. సౌదీలను తగినంతమందిని పెట్టుకోని దుకాణం ఎర్రరంగులోకి జారితే మా ఇఖామాలు, అంటే ఉండనిచ్చే కార్డులు, కొత్త చేయరు. వాళ్ల పిల్లలకు పని కావాలి, అది తప్పని నేను ఏనాడూ అనలేదు. కాని ఆ మీదట కుటుంబంలో ఒక్కొక్క మనిషికీ లెవీ, నెల లెక్కన పన్ను, కట్టాలన్నారు. ఖాజా భాయ్ భార్య, కూతురు షబానా అక్కడే ఉండేవాళ్లు. ఆ అమ్మాయి పన్నెండో తరగతిలో ఉంది. పరీక్షల దాకా ఎట్లాగైనా నెట్టుకురావాలని ఆయన తాపత్రయం. అబూ నాసిర్ తన మేనల్లుడు తుర్కీని తెచ్చి బల్ల ముందు నిలబెట్టాడు. “వీడు ఒంటరిగా బల్ల చూసుకోగలిగేదాకా నువ్వు ఉంటావు. తర్వాత నా చేతిలో లేదు” అన్నాడు. ఆ మాటలో మోసమేమీ లేదు. అందుకే అది మరీ బరువుగా ఉండింది.

మాలో ఒక అలవాటు ఉండేది, ఎవరూ పైకి చెప్పుకోరు. సౌదీ కుర్రాడికి పని నేర్పమంటే అంతా నేర్పి, చివరి కిటుకు ఒకటి దాచుకోవాలి. ఏసీ మెకానిక్ దాస్తాడు, రొట్టెల బట్టీవాడు దాస్తాడు. ఆ దాచినదే వాళ్ల బతుకు. మా గదిలో ఉండే జగిత్యాల రాజన్న ఏసీలు బాగుచేసేవాడు. టీకి వచ్చినప్పుడల్లా అదే పాట.

“ఖాజన్నా, గా ‘ఎనక ఏమున్నది’ ముచ్చట మాత్రం చెప్పకు. మిగిలినయన్నీ చెప్పు. పోరడు ఏడాది తిరిగినా పెద్దది చిన్నది అనుకుంట ఉంటడు. గంతల బిడ్డ పరీచ్చలు అయిపోతయ్.”

“నువ్వేమంటావు సారూ?” అని ఖాజా భాయ్ నావైపు తిరిగేవాడు.

విద్యను కొందరి చెవుల్లోనే ఊది మిగిలినవాళ్లకు తలుపు మూసినవాళ్లే మన సమాజాన్ని చీకట్లో ఉంచారని ఊళ్లో ఎన్నిసార్లు గర్జించానో! ఆ బల్ల దగ్గర మాత్రం షబానా పుస్తకాల సంచీ నా కళ్ల ముందు ఉండేది. దాచేది పండితుడి అహంకారమైతే దాన్ని కొట్టవచ్చు. దాచేది ఆకలైతే ఏ వాదంతో కొట్టాలి? “నా దగ్గర జవాబు లేదు భాయ్” అనేవాణ్ని. “అబ్బో, ఈ దినం రాసి పెట్టుకోవాల” అని ఆయన నవ్వేవాడు.

తుర్కీ మంచివాడు, చురుకైనవాడు. తూటాల నెంబర్లన్నీ ఫోనులో చూసి గడగడా అప్పజెప్పేవాడు. ఒక మధ్యాహ్నం అబూ సాద్ తమ్ముడు వచ్చాడు. మళ్లీ కుక్కలే. ఖాజా భాయ్ మూల స్టూలు మీద కూర్చుని గొట్టం తుడుస్తున్నాడు. రాజన్న గుమ్మంలో టీ గ్లాసుతో ఉన్నాడు. తుర్కీ సరైన చిన్న తూటా పేరే చెప్పాడు. అయితే గట్టి తొడుగు గుండున్న పెట్టె చూపించాడు. “ఇది బలమైనది, దూసుకుపోతుంది” అన్నాడు. అబూ నాసిర్ బీరువా తాళం తీశాడు. రాజన్న ఖాజా భాయ్ వైపు చూసి పెదాల మీద వేలు పెట్టాడు, మాట్లాడకు అన్నట్టు. ఖాజా భాయ్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. బయట పొగమంచు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. 

“తుర్కీ,” అన్నాడు ఆయన మెల్లగా. “ఏష్ వరా?”

తుర్కీ తెల్లబోయి ఆ ప్రశ్నే కొనేవాణ్ని అడిగాడు. “మంద లేదు, దాన్ని కొండ మీదికి తోలాం,” అన్నాడు అతను తేలిగ్గా. “కాపరి పడుకునే రేకుల గది ఒకటి ఉంది.”

తుర్కీ పెట్టె వెనక్కి తీసుకున్నాడు. మెత్తని ముక్కు గుండు పెట్టె ముందుకు జరిపాడు. అప్పుడూ ఖాజా భాయ్ ఊరుకోలేదు. “రేకుల గది యా పక్కనుందో ఆ పక్కకు ఏ గుండూ కాల్చొద్దు, గురి తప్పితే ఇది కూడా రేకును చీలుస్తాది. చోటు మార్చుకో, వెనక మట్టికట్ట ఉండాల” అని అరబ్బీలో చెప్పి పంపాడు. ఆ సాయంత్రమే తుర్కీని వాగుకు తీసుకెళ్లి బంకమట్టి పిసికించాడు.

“ఏమాయె అన్నా గిట్ల జేస్తివి?” అన్నాడు రాజన్న, మర్నాడు టీకి వచ్చి. “నోటి కాడి బువ్వ తీసి వానికి పెడితివి గదా!”

“రాజన్నా, ఆ రేకుల గదిలో పండుకునేటోడు యెవురనుకుంటివి? సూడానోడో, బంగాళీనో, మీ జగిత్యాలోడో. నేను దాచిపెట్టేది పోయి ఆయప్ప పక్కటెముకలో ఆగుతాది. ఆయప్ప నెత్తుటి మీద నా బిడ్డ పరీక్ష రాయాల్నా?”

రాజన్న టీ తాగకుండానే పోయాడు.

కొన్ని వారాలకే తుర్కీ ఎవరూ గుర్తు చేయకుండా అడగడం మొదలుపెట్టాడు. అబూ నాసిర్ విని తలవంచుకున్నాడు. “ఖలాస్ ఖాజా, నీ పని అయిపోయింది” అన్నప్పుడు ఆయన గొంతు సైనికుడి గొంతులా లేదు. షబానా పరీక్షలు రాయకుండానే వాళ్లు ఎగ్జిట్ మీద, మళ్లీ రాకుండా, దేశం వదిలి వెళ్లారు. ఆ అమ్మాయి కడపలో ఒక ఏడాది పోగొట్టుకుని మళ్లీ చదువుకుంది. మంచి పని చేసినవాళ్లకు మంచి జరుగుతుందని చెప్పేవాళ్లను నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. లోకం అట్లా లెక్క కట్టదు. అయినా ఖాజా భాయ్ చేశాడు.

నేను ఇంకొంతకాలం అక్కడే దుప్పట్లు అమ్మాను. కొనేవాళ్లు రాగానే తుర్కీ మోచేతులు బల్లకు ఆనించి, కడప మనిషి లాగే తల పక్కకు వంచి, అదే ప్రశ్న అడిగేవాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నావని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నేను కోరుట్లలో తాయెత్తులవాళ్ల మీద, దొంగ స్వాముల మీద వ్యాసాలు రాస్తాను. కోపం తగ్గలేదు, తగ్గించుకోను కూడా. మొన్న ఒక తాయెత్తుల వ్యాపారి మీద రాసిన వ్యాసాన్ని పత్రికకు పంపబోతూ ఆగాను. వాక్యాలన్నీ గట్టి తొడుగు గుండ్లు, సూటిగా దూసుకుపోతాయి. వెనక ఏముందని చూశాను. జ్వరంతో ఉన్న బిడ్డను ఒళ్లో పెట్టుకుని, మెడలో ఆ తాయెత్తు కడుతున్న తల్లి కనిపించింది. నా మాట ఆ వ్యాపారిని దాటి ఆమెలో దిగుతోంది. వ్యాసం చించలేదు. ఇంకొంచెం దగ్గరికి జరిగి, వ్యాపారిలోనే ఆగిపోయే మాటల కోసం తెల్లవార్లూ వెతికాను.